850లు (కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి వచ్చే కొనుగోలు ఆర్డర్లు) నేరుగా ఈఆర్‌పీలోకి పడేలా చేశాం: పరిమాణాలు తప్పుతున్నాయి, కొన్ని ఆర్డర్లు రెండుసార్లు పడుతున్నాయి

ఆర్డర్‌డెస్క్:
సరఫరాదారు వైపు నుంచి అడుగుతున్నానండీ. ముగ్గురు కొనుగోలుదారులు ఎక్స్12 అనే డేటా ప్రమాణంలో 850 పంపుతారు, ఒకరు మరో ప్రమాణమైన ఎడిఫ్యాక్ట్‌లో ఆర్డర్స్ అనే సందేశం. మిగతావాళ్లవి పీడీఎఫ్‌లు, వాటి సంగతి తర్వాత. ఫైళ్లు వచ్చే దారి ఇద్దరితో ఏఎస్2 (ఇంటర్నెట్‌లో సంతకంతో నేరుగా పంపే పద్ధతి), ఇద్దరితో ఎస్ఎఫ్‌టీపీ (సర్వర్ ఫోల్డర్‌లో ఫైలు పెట్టే పద్ధతి). ఫైలు రాగానే విడదీసి ఈఆర్‌పీలో (మా ఆర్డర్లు, స్టాకు నడిపే సాఫ్ట్‌వేర్) సేల్స్ ఆర్డర్ సృష్టిస్తున్నాం, 997 (ఫైలు అందిందన్న రసీదు) కూడా వెంటనే వెళ్తోంది. ఇబ్బందులు ఇవీ:

- 10 కేసులు అడిగిన లైను 10 పీసులుగా పడుతోంది. అందరి విషయంలో కాదు, అన్ని లైన్లలోనూ కాదు.
- అప్పుడప్పుడు ఒకే పీఓ (కొనుగోలు ఆర్డర్) రెండు ఆర్డర్లుగా నమోదవుతోంది. పీఓ నంబరు ముందే ఉంటే వదిలేయమని నిబంధన పెడితే సరిపోతుందా?
- 997లో 'ఏ' (ఆమోదం) అని పంపాక కూడా కొనుగోలుదారు "మా ఆర్డర్ ఒప్పుకున్నారా లేదా?" అని మెయిల్ పెడుతున్నారు.

మ్యాప్‌పని:
చివరిదానితో మొదలుపెడతాను, అది చిన్నది. 997 చెప్పేది ఒక్కటే: ఫైలు వ్యాకరణం సరిగ్గా ఉంది, మేం చదవగలిగాం. సరుకు ఇస్తారా, ఎప్పుడిస్తారు, ఏ ధరకి అన్నది చెప్పాల్సింది 855, అంటే ఆర్డర్‌కి మీ జవాబు. అందులో బీఏకే02లో (బీఏకే అనే సెగ్మెంటు, అంటే ఫైలులోని ఒక వరుస, దానిలో రెండో గడి) మొత్తం ఆర్డర్ మీద మీ మాట (ఏడీ అంటే మార్పు లేకుండా ఒప్పుకున్నాం, ఏసీ అంటే మార్పులతో, ఆర్‌జే అంటే తిరస్కారం), ప్రతి లైనుకీ ఏసీకే సెగ్మెంటులో స్థితి: ఐఏ ఒప్పుకున్నది, ఐక్యూ పరిమాణం మారింది, ఐపీ ధర మారింది, ఐబీ బ్యాక్ ఆర్డర్, ఐఆర్ తిరస్కరించింది. కొనుగోలుదారు పంపిన లైను నంబరు (పీఓ101) ఏదైతే ఉందో 855లోనూ, తర్వాత 856లోనూ (సరుకు పంపుతున్నామన్న సమాచారం) అదే తిరిగి వెళ్లాలి. చాలా ఈఆర్‌పీలు తమ సొంత లైను నంబర్లు 10, 20, 30 అని వేసుకుంటాయి. అసలు నంబరుని వేరే ఫీల్డులో దాచకపోతే అవతలివాళ్ల దగ్గర ఏదీ జతపడదు.

ఇక కేసులు, పీసుల సంగతి. మీ మ్యాపింగ్ (ఫైలు గడులని ఈఆర్‌పీ గడులకి జతచేసేది) పీఓ102లోని పరిమాణాన్ని తీసుకుని, పీఓ103లోని యూనిట్‌ని వదిలేస్తున్నట్టుంది. యూనిట్ దొరకని చోట ఈఆర్‌పీ ఐటమ్ మాస్టర్‌లోని మూల యూనిట్ వేసేసుకుంటుంది. 'ఈఏ' (పీసు) లైన్లు ఎలాగూ సరిగ్గానే వస్తాయి, 'సీఏ' (కేసు) లైన్లే తప్పుతాయి. అందుకే అన్ని లైన్లలోనూ కనిపించడం లేదు. ఎడిఫ్యాక్ట్‌లో అయితే క్యూటీవై సెగ్మెంటులో 21 అనే క్వాలిఫయర్ (ఆర్డర్ చేసిన పరిమాణం అని చెప్పే కోడ్) పక్కన పరిమాణం, ఆ తర్వాత యూనిట్ కోడ్. యూనిట్ ఐచ్ఛికం కాబట్టి కొందరు అసలే పంపరు.

కోడ్‌లో "సీఏ అయితే 12తో గుణించు" అని మాత్రం రాయకండి. భాగస్వామి, వాళ్ల ఐటమ్ కోడ్, వాళ్ల యూనిట్ ఈ మూడూ కలిపి తాళంచెవిగా ఒక పట్టిక పెట్టండి. ఎదురుగా మీ ఐటమ్, మీ యూనిట్, గుణకం. పట్టికలో వరుస దొరక్కపోతే ఆ లైను ఆగాలి, ఊహించకూడదు. పీఓ4 సెగ్మెంటులో ప్యాక్ పరిమాణం వస్తే దాన్ని పట్టికలోని గుణకంతో పోల్చండి, తేడా ఉంటే ఆపండి. ధర కూడా అదే యూనిట్‌కి ఉందో లేదో చూడాలి. నూటికి, వెయ్యికి ధర చెప్పేవాళ్లుంటారు, ఆ సంగతి పీఓ105లో ఉంటుంది. పరిమాణం సరిచేసి ధరని అలాగే వదిలేస్తే ఇన్వాయిస్ దగ్గర కొత్త గొడవ.

ఇంకోటి. కేసు మీది 14 అంకెల జీటిన్‌లో (బార్‌కోడ్ ఐటమ్ నంబరు) మొదటి అంకె తీసేస్తే పీసు నంబరు వస్తుందనుకుని మ్యాప్ రాసేవాళ్లున్నారు. రాదు, చివరి చెక్ అంకె కూడా మారుతుంది. 12 అంకెల యూపీసీని 14 అంకెలతో పోల్చాలంటే మాత్రం ఎడమవైపు సున్నాలు చేర్చడం సరైనదే. ఈ పట్టికని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే ఆ సున్నాలు పోతాయి, జాగ్రత్త.

క్యూకాపలా:
డూప్లికేట్ల గురించి. పీఓ నంబరు ఒక్కదాన్నే చూసి వదిలేయడం ప్రమాదం. కొందరు కొనుగోలుదారులు మార్పులకి 860 (ఆర్డర్ మార్పు సందేశం) పంపరు, అదే పీఓ నంబరుతో మళ్లీ 850 పంపుతారు, బీఈజీ01లో 00 (కొత్త ఆర్డర్) బదులు 05 (భర్తీ) పెట్టి. 01 అయితే రద్దు. మీ నిబంధన వీటన్నిటినీ చప్పుడు లేకుండా పారేస్తుంది.

మూడు అంచెల్లో చూడండి. ఏఎస్2 మెసేజ్-ఐడీ మొదటిది. తర్వాత పంపినవారి ఐడీ, ఐఎస్ఏ13 (ఫైలు మొదటి సెగ్మెంటులో ఉండే) కంట్రోల్ నంబరు, లోపలి గుంపుకీ సందేశానికీ ఉండే నంబర్లు జీఎస్06, ఎస్‌టీ02 కలిపి. చివరిగా పంపినవారు, పీఓ నంబరు, బీఈజీ01, వాటితో పాటు లైన్ల సారాంశపు హ్యాష్ (లైన్ల నుంచి లెక్కించిన, వేలిముద్ర లాంటి విలువ). మూడోదానిలో అన్నీ ఒకటే అయితేనే నిజమైన డూప్లికేట్. పీఓ నంబరు ఒకటే, 00 అనే ఉంది, కానీ లైన్లు వేరు అంటే మనిషి చూడాలి. కంట్రోల్ నంబరు 9 అంకెలే. అవతలివాళ్లు సిస్టమ్ మార్చినప్పుడు మళ్లీ 1 నుంచి మొదలుపెట్టడం మామూలే, కాబట్టి దాని ఒక్కదాని మీద ఆధారపడలేం.

అసలు కారణం ఏఎస్2 వైపు ఉండొచ్చు. సింక్రనస్ ఎండీఎన్ (అదే కనెక్షన్‌లో వెంటనే ఇచ్చే అందిన రసీదు) అడిగే భాగస్వామికి, మీరు ఫైలంతా విడదీసి ఆర్డర్ సృష్టించాక ఎండీఎన్ ఇస్తుంటే, ఈలోపు హెచ్‌టీటీపీ టైమవుట్ అయి వాళ్ల సర్వర్ మళ్లీ పంపుతుంది. సంతకం సరిచూసి, ఫైలు డిస్కులో భద్రపరిచి, వెంటనే ఎండీఎన్ ఇచ్చేయండి. విడదీసే పని క్యూ నుంచి జరగాలి.

ఎస్ఎఫ్‌టీపీలో జబ్బు వేరు: సగం ఎక్కిన ఫైలుని మీ షెడ్యూలర్ ఎత్తుకుంటుంది, తర్వాత పూర్తి ఫైలు మళ్లీ వస్తుంది. తాత్కాలిక పేరుతో ఎక్కించి, అయ్యాక పేరు మార్చమని అడగండి. ఒప్పుకోకపోతే ఐఈఏ (ఫైలు ముగింపు) సెగ్మెంటు ఉందా, ఎస్ఈ01లోని సెగ్మెంట్ల లెక్క (ఎస్‌టీ, ఎస్ఈ కూడా కలిపి) సరిపోయిందా, సీటీటీ01 లైన్ల సంఖ్యకి సమానమా అని చూడకుండా ముట్టుకోకండి.

ఆర్డర్‌డెస్క్:
ధన్యవాదాలు. సింక్రనస్ ఎండీఎన్ అడిగే భాగస్వామి దగ్గరే డూప్లికేట్లు వస్తున్నాయి, కాబట్టి అదే కారణం అనుకుంటున్నాను. 860లు కూడా త్వరలో మొదలవుతాయట. వాటిని కూడా నేరుగా ఈఆర్‌పీలోకి పంపొచ్చా?

మ్యాప్‌పని:
మొదట్లో వద్దు. 860 తన 850 కంటే ముందే రావచ్చు, వేర్వేరు ఫైళ్లు కదా. ఆ పీఓ లేకపోతే లోపం అని పారేయకుండా కాసేపు పక్కన పెట్టి మళ్లీ ప్రయత్నించాలి. 860లోని పీఓసీ02లో క్యూఐ అంటే పరిమాణం పెరిగిందని. అయితే పీఓసీ03లో ఉండేది సాధారణంగా కొత్త మొత్తం, పెరిగిన భాగం కాదు. పాతదానికి కలిపేస్తే గోదాములో సరుకు పేరుకుపోతుంది. ఆ భాగస్వామి ఇంప్లిమెంటేషన్ గైడు చూసి నిర్ధారించుకోండి, ఎందుకంటే ఈ ఫీల్డుని ఇష్టమొచ్చినట్టు వాడేవాళ్లున్నారు. లైను ఇప్పటికే పికింగ్‌లోకి (గోదాములో సరుకు తీయడం) వెళ్లిపోతే మార్పుని 865లో (860కి మీ జవాబు) తిరస్కరించాలి, ఆ తీర్పు యంత్రానిది కాదు.

క్యూకాపలా:
ఇక్కడ కొంచెం తేడా ఉంది నాకు. రవాణా తేదీ మార్పు, ఇంకా కేటాయించని లైను పరిమాణం తగ్గింపు, ఈ రెండూ నేరుగా వెళ్లినా నష్టం లేదు. అన్నీ మనిషి దగ్గర ఆగితే ఆ వరుస ఎవరూ చూడని గుట్ట అవుతుంది.

సెగ్మెంట్‌చూపు:
పైవాటిలో రాని రెండు. సెపరేటర్లని కోడ్‌లో * అని, ~ అని స్థిరంగా రాసి ఉంటే మార్చండి. ఐఎస్ఏ నిడివి స్థిరం, 106 అక్షరాలు: 4వది ఎలిమెంట్ సెపరేటర్, 105వది ఉప ఎలిమెంట్‌ది, 106వది సెగ్మెంట్ ముగింపు. ప్రతి ఫైలుకీ అక్కణ్ణుంచే చదవాలి.

రెండోది ఐఎస్ఏ15. 'టీ' అంటే పరీక్ష, 'పీ' అంటే అసలుది. విడదీసే ప్రోగ్రాములు చాలావరకు దీన్ని పట్టించుకోవు, దాంతో పరీక్ష ఆర్డర్‌కి నిజం సరుకు బయల్దేరుతుంది. 'టీ' ఫైలు వస్తే 997 ఇచ్చి, వేరే కంపెనీ కోడ్‌లోకి మళ్లించండి. కొత్త భాగస్వామిని అసలు దారిలోకి మార్చేముందు కేసుల లైను, పీసుల లైను, పట్టికలో లేని ఐటమ్, తెలియని డెలివరీ చిరునామా కోడ్ (ఎన్104), బీఈజీ01 విలువ 05 ఉన్న ఒక ఫైలు, ఈ ఐదూ 'టీ'లో పంపించమని అడగండి. తెలియని ఐటమ్, తెలియని చిరునామా ఉన్న రెండూ ఆగాలి. ఆగకుండా ఆర్డర్ అయిపోయాయంటే మ్యాపులో ఎక్కడో డిఫాల్ట్ విలువ దాగుంది, ముందు దాన్ని తీసేయండి.