కూతురి పెళ్లి కాకుండా హజ్‌కు వెళ్లొచ్చా?

కర్నూలు మాస్టారు:
ఈమధ్యే రిటైరయ్యాను. గ్రాట్యుటీ, పీఎఫ్ కలిపి కొంత డబ్బు చేతికొచ్చింది. ఇంటి లోను ఇంకా ఉంది గానీ వాయిదా నెలనెలా పెన్షన్‌లోంచి పోతుంది. ఈసారి నేనూ మా ఆవిడా హజ్ కమిటీకి దరఖాస్తు పెడదామనుకుంటే, మా భాయ్‌జాన్ "పెళ్లికెదిగిన పిల్లను ఇంట్లో పెట్టుకుని హజ్ ఏమిట్రా, ముందు ఆ బాధ్యత తీర్చుకో" అంటున్నారు. బంధువులందరిదీ అదే పాట. నిజంగా నా మీద హజ్ ఫర్జ్ (తప్పనిసరి విధి) కాలేదంటారా?

నాంపల్లి వాలా:
అస్సలాము అలైకుమ్ మాస్టారూ. మీ భాయ్‌జాన్ చెప్పిన షరతు ఏ ఫిఖ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం) పుస్తకంలోనూ లేదు. ఖుర్‌ఆన్‌లో ఆలి ఇమ్రాన్ సూరా 97వ ఆయత్ (వాక్యం) చూడండి. అక్కడికి చేరుకునే స్తోమత ఉన్నవాళ్ల మీద హజ్ విధి అంటుంది. స్తోమత అంటే ఏమిటో హనఫీ పండితులు (ఇమామ్ అబూ హనీఫా సంప్రదాయం వాళ్లు) లెక్కకట్టి చెప్పారు: రానూపోనూ ఖర్చు, మీరు తిరిగొచ్చేదాకా మీ మీద ఆధారపడినవాళ్ల తిండీ బట్టా, అప్పులు. ఇవి పోగా ఉండటానికి ఇల్లుండి, ఇంకా మిగిలితే ఫర్జ్. మీ అమ్మాయి పోషణ ఆ లెక్కలో ఉంది, పెళ్లి ఖర్చు లేదు. మహర్ (పెళ్లికూతురికి దక్కే వధూధనం) ఇవ్వాల్సింది పెళ్లికొడుకు. మనం దాచిపెట్టేది కట్నానికీ, ఫంక్షన్ హాలుకీ, బిర్యానీకీ. వాటి కోసం ఇస్లాం మూలస్తంభాన్ని వాయిదా వేస్తామా?

గుంటూరు మిర్చి:
రాయడం తేలికే భాయ్. ఊళ్లో సంబంధాలు చూసేవాళ్లను అడగండి, ఖర్చు లేకుండా ఎవరు చేసుకుంటున్నారో. నా ప్రశ్న వేరు. ఫర్జ్ అయినంత మాత్రాన ఈ ఏడే వెళ్లాలని ఎక్కడుంది? ఇమామ్ అబూ యూసుఫ్ వెంటనే వెళ్లాలన్నారు. కానీ ఇమామ్ ముహమ్మద్ షైబానీ ఆలస్యం చేయొచ్చన్నారు, ఇద్దరూ ఇమామ్ అబూ హనీఫా శిష్యులే. మరో సంప్రదాయానికి మూలమైన ఇమామ్ షాఫయీ మాటా ఇదే. హజ్ హిజ్రీ (ఇస్లామీ పంచాంగం) 6వ ఏట విధి అయితే, ప్రవక్త (స) చేసింది 10లో కదా అని వాళ్ల వాదన. పిల్ల పెళ్లి చేసి నిదానంగా వెళ్తే తప్పేంటి?

నాంపల్లి వాలా:
హజ్ విధి అయింది 6లో కాదు, 9లో అని చాలామంది పండితుల మాట. 9లో కూడా ప్రవక్త (స) తాము వెళ్లకుండా తమ సహచరుడు అబూ బక్ర్ (రజి)ను అమీరుగా (యాత్రికుల నాయకుడిగా) పంపారు. అప్పటికింకా ముష్రిక్కులు (బహుదైవారాధకులు) కాబా చుట్టూ నగ్నంగా తిరిగేవారు. ఇకమీదట అది కుదరదని ఆ ఏడు చాటించి, మరుసటి ఏడు తాము వెళ్లారు. మాస్టారికి అలాంటి అడ్డంకి ఏముంది? ఇంకోటి, ఆలస్యం చేయొచ్చన్నవాళ్లు కూడా చేయకుండానే చనిపోతే పాపమన్నారు. అరవై దాటాక మోకాళ్లు సహకరిస్తాయన్న గ్యారంటీ ఎవరిస్తారు?

బెజవాడ రీడర్:
నేను హిందువును, తప్పుగా అడిగితే క్షమించండి. డబ్బులేనివాళ్లకు విధే కాదంటే, మరి ఇన్నేళ్లు ప్రభుత్వం సబ్సిడీ ఎందుకిచ్చింది?

గుంటూరు మిర్చి:
మంచి ప్రశ్నే అడిగారు. స్తోమత లేనివాడికి విధే కానప్పుడు సబ్సిడీ దేనికని, దాన్ని ఎత్తేయమని అడిగినవాళ్లలో ముస్లింలూ ఉన్నారు. పదేళ్లలో ఎత్తేయమని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది, 2018లో పూర్తిగా తీసేశారు.

జెద్దా రిటర్న్:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. పాత హనఫీ గ్రంథాల్లో ఒక సూక్ష్మం ఉంది. మన ఊరివాళ్లు హజ్‌కు బయల్దేరే సమయానికి చేతిలో డబ్బుంటేనే ఫర్జ్. అంతకుముందే ఇల్లు కొన్నా, పెళ్లి చేసినా తప్పు లేదు. ఈ రోజుల్లో బిడారాలు లేవు కాబట్టి దరఖాస్తులు పిలిచే రోజుల్నే ఆ సమయంగా లెక్కపెట్టాలని నాకనిపిస్తుంది. అంటే మాస్టారూ, సంబంధం కుదిరి ముందే ఖర్చయిపోయి ఉంటే గొడవే లేదు. కుదరని సంబంధం పేరు చెప్పి డబ్బును బ్యాంకులో పెట్టుకున్నారు, దరఖాస్తులూ మొదలయ్యాయి అనుకోండి. ఇక తప్పించుకోలేరు. ఇంటి లోను సంగతికొస్తే, మొత్తం బాకీ కాకుండా ఇప్పుడు కట్టాల్సిన వాయిదాలే తీసేసి చూడమంటారు ఇప్పటి ముఫ్తీలు (ధార్మిక తీర్పులు చెప్పే పండితులు) చాలామంది. అయినా మీ మసీదు మౌలానాకు అంకెలు చూపించి అడగండి. ఇక్కడ మేమెవరం ముఫ్తీలం కాదు.

కర్నూలు మాస్టారు:
జజాకల్లాహ్. ఇద్దరి ఖర్చు లెక్కేస్తే మాత్రం ఉన్నదాంట్లో చాలావరకు పోతుంది. భాయ్‌జాన్ కోపం కూడా దాని మీదే.

నాంపల్లి వాలా:
ఇద్దరి లెక్క ఎందుకు కలిపారు? హజ్ ఎవరి ఆస్తి మీద వాళ్లకే ఫర్జ్. భార్య ఖర్చు భర్త పెట్టుకుంటే పుణ్యమే గానీ విధి కాదు. భాభీ పేరున బంగారమో పొలమో ఉంటే, ఆవిడ లెక్క విడిగా వేయాలి.

కర్నూలు మాస్టారు:
బంగారం ఉంది. అమ్మాయికి పెడదామని ఉంచింది.

జెద్దా రిటర్న్:
అమ్మాయి చేతికి ఇచ్చేశారా, ఇవ్వాలనుకుంటున్నారా? ఇచ్చేసి ఉంటే అది అమ్మాయి ఆస్తి. లేదంటే ఇంకా భాభీదే, హజ్ లెక్కలోకి వస్తుంది. మౌలానా దగ్గరికి వెళ్లేటప్పుడు ఆవిడను కూడా తీసుకెళ్లండి, ఈ ప్రశ్న ఆవిడే అడగాలి.