అప్‌డేట్: షేక్‌స్పియర్ "సిల్లీ" గొర్రెలు వెర్రివి కావు

ఆరవ హెన్రీ నాటకం మూడవ భాగంలో, టౌటన్ యుద్ధం సాగుతుండగా మట్టిదిబ్బ మీద కూర్చున్న రాజు గొర్రెల కాపరి బతుకును తలచుకునే చోట వచ్చే "సిల్లీ షీప్"ను "వెర్రి గొర్రెలు" అనవచ్చా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. మాటల పాత అర్థాలను కాలక్రమంలో ఇచ్చే నిఘంటువు చూడమన్న సలహాతో చిక్కు విడిపోయింది.

పాత ఇంగ్లిష్‌లో ఈ విశేషణానికి ధన్యమైన, భాగ్యంగల అని అర్థం. దాని జర్మన్ తోబుట్టువు "జేలిగ్" నేటికీ ధన్యతనే చెబుతుంది. ఇంగ్లిష్‌లో మాత్రం అది అమాయకత్వానికి, అక్కడి నుంచి జాలిగొలిపే నిస్సహాయతకు జారి, 16వ శతాబ్దం చివరికి తెలివితక్కువతనాన్ని చేరింది. (సంస్కృతంలో మూఢతను సూచించిన "ముగ్ధ" అందాన్ని కూడా చెప్పే మాటగా ఎదగడం దీనికి సరిగ్గా ఎదురు నడక, నాకు ఎంతో నచ్చిన పోలిక ఇది.) 1591 ప్రాంతపు ఈ నాటకంలో అమాయకమైన నిస్సహాయత, తెలివితక్కువతనం అనే రెండు అర్థాలూ సాధ్యమే అయినా, ముళ్లపొద నీడలో కూర్చుని కాపరి మురిపెంగా చూసుకునే మందకు పొసగేది వాటిలో పాతదైన నిస్సహాయత అర్థమే.

"సిల్లీ" అన్నది అచ్చుతప్పేమోనన్న అనుమానం, రాజు వెటకారమాడుతున్నాడన్న ఊహ రెండూ నిలవలేదు. అనువాదంలో "నోరులేని గొర్రెలు" అని మార్చాను.