తేరుకోవడంలో ఉన్న తేరు ఏది?

అక్క పోయి మూడు నెలలు. రెండో వారం నుంచే ఫోన్ చేసినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "కాస్త తేరుకున్నావా?" ఏం చెప్పాలో తెలియక "ఆఁ" అనేసేదాన్ని. కొన్నాళ్లకి ఆ మాట మీదే కోపం వచ్చింది. తేరు అంటే రథం కదా, ఎక్కి ఎక్కడికి పొమ్మని?

ఇంట్లో ఉండలేక రోజూ పొద్దున్నే చెరువు దాకా నడుస్తున్నాను. వానలప్పుడు నీళ్లు ఎర్రమట్టి రంగులో ఉండేవి, మొదటి మెట్టు తర్వాత ఇంకేమీ ఆనేది కాదు. వానలు వెనకబట్టాక ఒకరోజు చూద్దును కదా, మూడో మెట్టు మీద నత్త. అది పాకిన గీత కూడా కనిపిస్తోంది. ఎంతసేపు చూశానో తెలీదు. వెనక ఎవరో తమ పిల్లాడితో "నీళ్లు తేరాయి రా" అంటున్నారు. ఆ తేరు, ఈ తేరు ఒకటేనా?

జవాబు: తేరుకోవడంలోదీ, నీళ్లు తేరడంలోదీ ఒకటేనండీ. రథం తేరు మాత్రం వేరు, అందులో ఉన్నది మామూలు ర. మీరడిగిన తేఱులో ఉన్నది బండి ఱ. (బండి ఱ ఉండాల్సిన చోట లేదు, అక్కర్లేని చోట ఉంది, మన అదృష్టం!) ఊఱు నుంచి ఊట వచ్చినట్టే తేఱు నుంచి తేట. మట్టి అడుగుకు దిగిపోయాక పైన నిలిచిన నీరు తేట. నీటికీ మనసుకీ ఒకే క్రియ వాడుకున్నాం. తమిళంలోనూ అంతే: తేఱుదల్ అంటే ఊరట. బురదనీటిని తేర్చడానికి కుండ లోపల అరగదీసే చిల్లగింజని వాళ్లు తేట్రాంకొట్టై అంటారు, అదీ ఈ ధాతువే. మనకూ 'తేర్చు' ఉండేది, ఓదార్చు అనే అర్థంలో. ఇప్పుడు తేరుకోవడమే మిగిలింది, తేర్చేవాళ్లు పోయారు.

ఇంకొకరు: కాళిదాసు రఘువంశం నాలుగో సర్గలో ఈ పోలికే ఉంది, తిరగేసి.

ప్రససాదోదయాదంభః కుంభయోనేర్మహౌజసః
రఘోరభిభవాశంకి చుక్షుభే ద్విషతాం మనః

వానాకాలం చివర అగస్త్య నక్షత్రం పొడవగానే నీళ్లు తేటపడ్డాయి, రఘువు దండెత్తి వస్తాడన్న భయంతో శత్రువుల మనసులు కలగిపోయాయి. 'ప్రససాద' అంటే తేరింది. ప్రసన్నం, ప్రసాదం ఆ ధాతువు నుంచే. ప్రసన్నంగా ఉన్నారు అంటే తేరిన నీళ్లలా ఉన్నారనే.

మరొకరు: ధాతువులు బాగానే కుదిరాయి గానీ, నీళ్లతో పాటు మనసూ తేరుతుందని, ప్రకృతి ఓదారుస్తుందని అనుకోవడం దగ్గర నాకు పేచీ ఉంది. కిష్కింధకాండ చూడండి. వసంతంలో పంప ఒడ్డున పూలు చూసి రాముడి దుఃఖం ఇంకా రాజుకుంది. తర్వాత వానలన్నాళ్లూ కొండ గుహలో గడిపాడు. శరత్తు వచ్చింది, నీళ్లు తేరాయి, ఆకాశం తేరింది, ఆయన మాత్రం తేరలేదు. సీత లేకుండా ఇదంతా ఎందుకని మళ్లీ ఏడ్చాడు. రుతువుకి మన సంగతి పట్టదండీ.

అడిగినవారు: పట్టకపోవడమే నాకు హాయిగా ఉంది. మూడు నెలలుగా అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. ఆ నత్త ఒక్కసారి కూడా చూడలేదు.

బండి ఱ సంగతి చెప్పినందుకు థాంక్సండీ. నిన్న ఫోన్‌లో పిన్ని అదే ప్రశ్న వేస్తే "మూడో మెట్టు దాకా" అన్నాను. ఆవిడకేం అర్థమైందో. ఇవాళ నాలుగోది కూడా కనిపిస్తుందేమోనని వంగాను, అంతలో గేదె ఒకటి దిగి చెరువంతా కలిపేసింది. నవ్వొచ్చింది, చాలా రోజులకి.