వేడెక్కాకే లీకయ్యే గ్లోబ్ వాల్వ్: పైపు లాగుడు వల్లేనా?

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. 7 బార్ స్టీమ్ లైన్‌లో 50 ఎంఎం, క్లాస్ 150 (ప్రెషర్ రేటింగ్) కాస్ట్ స్టీల్ గ్లోబ్ వాల్వ్ (లోపలి డిస్క్ దిగి సీటు మీద ఆని ఆవిరిని ఆపే రకం) ఉంది. బెంచ్ మీద నీళ్లతో బాడీకి 30, సీటుకి 22 బార్ పెట్టాను, ఒక్క చుక్క రాలేదు. లైన్‌లో బిగించి స్టీమ్ వదిలాక మూస్తే, 20 నిమిషాలకు అవతలి డ్రెయిన్‌లో సన్నగా ఆవిరి మొదలవుతుంది.

సీటు, డిస్క్ ల్యాపింగ్ (ఆనే ముఖాలు నున్నగా అరగదీయడం) చేయించాను. నీలిరంగు పూసి చూస్తే, రెండూ ఆనే గీత చుట్టూ సమంగానే పడింది. వాల్వ్ మీద ఆవిరి వెళ్లే దిక్కు చూపే బాణం గుర్తు సరిగ్గానే ఉంది. కొత్త వాల్వ్ వేసినా అంతే. నిన్న ఫ్లాంజ్ (వాల్వ్‌ని పైపుకి కలిపే అంచు) బోల్టులు విప్పగానే పైపు 4 ఎంఎం పక్కకు జరిగింది, నా అనుమానం అక్కడే. తోతాపురి లోడ్లు గేటు దగ్గరే ఆగాయి, టెన్షన్‌గా ఉంది.

ఆ 4 ఎంఎం లాగుడుకే వేడిమీద సీటు వంకరపోయి లీకవుతుందా?