హంగర్ గేమ్స్ అయిపోయింది, తరవాత ఏది ఇవ్వాలి?

పుస్తకాలపురుగు:
13 నుంచి 17 ఏళ్ల పాఠకులు ఎనిమిది మంది ఉన్న చిన్న బృందం కోసం నవలల పట్టిక తయారవుతోంది. అందరూ ‘ది హంగర్ గేమ్స్’ (పిల్లల్ని చచ్చేదాకా పోరాడించే ఆటల కథ) మూడు భాగాలూ చదివేసి, ఇలాంటిదే ఇంకోటి చెప్పమంటున్నారు. డిస్టోపియా (బతుకు దుర్భరమైన ఊహాలోకపు కథ), ఫాంటసీ రెండూ పర్లేదు. సిరీస్ అయితే పూర్తయి ఉండాలి, తరవాతి భాగం కోసం ఏళ్లతరబడి ఎదురుచూసే పని ఉండకూడదు. ఎవరికీ ఇంగ్లిష్ మాతృభాష కాదు, కాబట్టి మొదటి పేజీలోనే బెదరగొట్టే భాష వద్దు. ప్రేమ ఉండొచ్చు, కథంతా అదే అయితే విసుగు. ఇద్దరికి హింస ఎక్కువైతే కష్టం.

‘డైవర్జెంట్’ ఇస్తే ముగ్గురు మధ్యలో వదిలేశారు, ఎందుకో వాళ్లే చెప్పలేకపోతున్నారు. పేర్ల జాబితాలు బోలెడు దొరుకుతున్నాయి. ఏది ఎవరికి నప్పుతుంది, ఏ పుస్తకం దగ్గర జనం ఆగిపోతారు అన్నది మాత్రం ఎక్కడా లేదు. తెలిసినవాళ్లు అది చెప్పండి.

అట్టవెనక:
పేర్లకంటే ముందు ‘ఇలాంటిదే’ అన్న మాటను విప్పాలండీ. ఎనిమిది మందికీ హంగర్ గేమ్స్ ఒకే కారణానికి నచ్చి ఉండదు. ఒక్కొక్కరినీ విడిగా, ఏ ఘట్టం ఇంకా గుర్తుందో అడగండి. అరణ్యంలో తప్పించుకు తిరగడం గుర్తుంటే వాళ్లకు కావలసింది పరుగు. పేర్ల లాటరీ, జిల్లాలు, తిండిగింజల కోసం పేరు అదనంగా రాయించుకోవడం గుర్తుంటే కావలసింది ఏలుబడి ఎలా నడుస్తుందన్న ఆలోచన. కథ చెప్పే కాట్నిస్ మాట్లాడే తీరే నచ్చిందంటే కావలసింది ఒక గొంతు. మూడింటికీ పుస్తకాలు వేరు. ఒకరిది ఇంకొకరికి ఇస్తే నలభయ్యో పేజీలో వదిలేస్తారు.

పరుగు ముందు. హంగర్ గేమ్స్ ఆగకుండా చదివించడం వెనుక ఓ కొలత ఉంది. సుజాన్ కాలిన్స్ అంతకుముందు పిల్లల టీవీ కార్యక్రమాలకు రాసిన మనిషి. మూడు నవలల్లోనూ ఒక్కోదాంట్లో 27 అధ్యాయాలు, తొమ్మిదేసి చొప్పున మూడు భాగాలు, దాదాపు ప్రతి అధ్యాయం చివరా ఓ కొక్కెం. ఈ లయకు అలవాటైన పాఠకుడికి దగ్గరగా వచ్చేది మేరీ లూ ‘లెజెండ్’ (2011). సైన్యం కోసం తీర్చిదిద్దిన జూన్, ప్రభుత్వం వెతుకుతున్న డే, ఇద్దరికీ పదిహేనేళ్లు, వంతులవారీగా చెబుతారు. వాక్యాలు చిన్నవి. అచ్చు పుస్తకంలో డే భాగాలు వేరే అక్షరాలతో, బంగారు రంగులో ఉంటాయి. నలుపుతెలుపు ఈ-రీడర్‌లో ఆ రంగు పోతుంది కాబట్టి అధ్యాయం మొదట్లో ఎవరి పేరుందో చూసుకోమనండి. ‘ప్రాడిజీ’, ‘ఛాంపియన్’ రెండూ 2013లో వచ్చాయి. 2019లో ‘రెబెల్’ అని నాలుగోది వచ్చింది గానీ మూడో దగ్గర ఆపినా లోటుండదు.

‘ది మేజ్ రన్నర్’ (2009) కూడా ఇదే కోవ. పొట్టి అధ్యాయాలు, జ్ఞాపకం పోయి లిఫ్టులో కళ్లు తెరిచే కుర్రాడు, చుట్టూ ఓ పెద్ద చిక్కుదారి. ఇందులో కుర్రాళ్లు వాడే తిట్లు, యాస రచయిత కల్పించినవి. నిఘంటువులో వెతికి లాభం లేదని ముందే చెప్పండి, లేకపోతే తమకు ఇంగ్లిష్ రాదనుకుని పక్కన పెట్టేస్తారు. చిక్కుదారి ఎందుకు కట్టారన్న ప్రశ్నకు తరవాతి భాగాలిచ్చే జవాబు మొదటి భాగమంత బలంగా లేదని నా అభిప్రాయం.

డైవర్జెంట్ సంగతి: ఏ భాగంలో వదిలేశారో అడగండి. మొదటి భాగంలోనే అయితే కారణం సాధారణంగా ఊహే. మనుషుల్ని ఒక్కో గుణాన్ని బట్టి ఐదు వర్గాలుగా చీల్చడం నమ్మబుద్ధి కాదు. పైగా పుస్తకంలో చాలా భాగం శిక్షణే. మూడో భాగం ‘అలీజియంట్’లో అయితే కారణం వేరు. అప్పటిదాకా కథానాయిక ట్రిస్ ఒక్కతే చెప్పిన కథను ఇందులో టోబియస్ కూడా పంచుకుంటాడు, కానీ ఇద్దరి గొంతులూ ఒకేలా వినిపిస్తాయి. పైన పేరు చూడకపోతే ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు. మొదటి రకం వాళ్లకు ఇంకో ‘వర్గాల’ కథ ఇవ్వొద్దు. రెండో రకం వాళ్లకు ఇద్దరు కథకులున్నది ఇవ్వాల్సివస్తే ముందు ఓ రెండు అధ్యాయాలు చదివించి చూడండి.

ఏలుబడి మీద ఆసక్తి ఉన్నవాళ్లకు లోయిస్ లౌరీ ‘ది గివర్’ (1993) మొదట పెట్టండి. అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకం 1994లో దీనికే. 23 చిన్న అధ్యాయాలు, చాలా తేలిక ఇంగ్లిష్. మీ బృందంలో భాషకు జంకేవాళ్లకు ఇంతకంటే మంచి ప్రవేశం లేదు. పొరపాటు జరిగేది రెండో పుస్తకం దగ్గర. ‘గ్యాదరింగ్ బ్లూ’ (2000) తెరిచి మొదటిదాని కథానాయకుడు జోనాస్ ఏమయ్యాడో చూద్దామనుకుంటే వేరే ఊరు, వేరే పిల్ల. ‘మెసెంజర్’ (2004)లో దారాలు కలవడం మొదలై, ‘సన్’ (2012)లో ముడి విడుతుంది. తొందరపడేవాళ్లు మొదటిదాని ముగింపు గురించి ఒక వారం వాదించుకున్నాక నాలుగోదానికి వెళ్లినా కథ అర్థమవుతుంది.

ఆ తరవాత నీల్ షుస్టర్‌మన్ ‘సైద్’ (2016). చావును జయించిన లోకంలో జనాభా అదుపు కోసం ప్రాణాలు తీసే అధికారం కొందరికి ఇస్తారు. మిగతా పాలనంతా థండర్‌హెడ్ అనే యంత్రబుద్ధిది, అది నిజంగానే మంచి పాలన. దుర్మార్గపు ప్రభుత్వం లేని డిస్టోపియా ఇది, అందుకే బృందంలో చర్చకు దీన్ని మించింది లేదంటాను. అధ్యాయాల మధ్య వచ్చే డైరీ పేజీలను కొందరు దాటేస్తారు. దాటొద్దనండి. ఆ పదవిలో ఉన్నవాళ్ల మధ్య చీలిక ఎక్కడుందో అక్కడే తెలుస్తుంది.

గొంతు కోసం వెతికేవాళ్లకు పాట్రిక్ నెస్ ‘ది నైఫ్ ఆఫ్ నెవర్ లెటింగ్ గో’ (2008). మగవాళ్ల ఆలోచనలన్నీ అందరికీ వినిపించే చోటు. చదువు సరిగా రాని టాడ్ చెబుతున్నాడు కాబట్టి స్పెల్లింగులు కావాలనే తప్పుగా ఉంటాయి. ఇంగ్లిష్‌ను కంటితో నేర్చుకున్నవాళ్లకు మొదటి ముప్పై పేజీలు ఇబ్బందే. పైకి చదివితే తప్పు స్పెల్లింగు చెవికి మామూలు మాటై అర్థమవుతుంది. మొదటి భాగం ఊపిరాడని చోట ఆగుతుంది, రెండోది చేతిలో ఉంచుకునే మొదలుపెట్టాలి.

వెన్నెలపుట:
డిస్టోపియా గురించి అట్టవెనక గారు చెప్పేశారు, ఫాంటసీ నేను చెబుతాను.

ఫాంటసీలో పాఠకుడు ఆగిపోయేది మంత్రాల దగ్గర కాదు, పేర్ల దగ్గర. మొదటి యాభై పేజీల్లో ఊళ్లు, తెగలు, పదవులు కలిపి ఇరవై కొత్త మాటలు మీద పడతాయి. లీ బార్డుగో ‘సిక్స్ ఆఫ్ క్రోస్’ (2015) దీనికి మంచి ఉదాహరణ. ఆరుగురు కలిసి దుర్భేద్యమైన కోటలోంచి ఒక మనిషిని బయటికి తేవాలి. అద్భుతమైన దొంగతనం కథ. కానీ ఐదుగురి వైపు నుంచి నడుస్తుంది, మధ్యలో పాత సంగతులు. దానికి తోడు మొదటి అధ్యాయం ఆ ఆరుగురిలో ఎవరిదీ కాదు, ఓ కాపలావాడిది. ‘వీడెవడు’ అని అక్కడే తికమకపడతారు. అతన్ని గుర్తుపెట్టుకోనక్కర్లేదని, మూడో అధ్యాయం దాకా ఓపిక పట్టమని చెప్పండి. ఒక కాగితం మీద ఆరు పేర్లు, పక్కన ఒక్కో పని రాసుకుంటే సరిపోతుంది.

ఇది ‘షాడో అండ్ బోన్’ మూడు నవలల (2012 నుంచి 2014) లోకంలోనే జరుగుతుంది. అవి చదవకపోయినా అర్థమవుతుంది, కాకపోతే వాటి ముగింపు కొంత తెలిసిపోతుంది. రెండూ చదివే ఉద్దేశం ఉంటే ఆ మూడూ ముందు. ఒక్కటే చదివేవాళ్లయితే నేరుగా ‘సిక్స్ ఆఫ్ క్రోస్’, ఆ తరవాత ‘క్రూకెడ్ కింగ్‌డమ్’ (2016). రెండు పుస్తకాలతో కథ పూర్తి.

మంత్రానికి ఖరీదు ఉండాలి అనుకునే పాఠకులకు గార్త్ నిక్స్ ‘సాబ్రియెల్’ (1995) చేతిలో పెట్టండి. చచ్చినవాళ్లను తిరిగి పడుకోబెట్టే ఏడు గంటలు, ఒక్కోదానికి ఒక్కో పేరు, ఒక్కో ప్రమాదం. మొస్రయెల్ మోగిస్తే విన్నవాళ్లు బతుకువైపు వస్తారు, మోగించినవాళ్లు చావువైపు జారతారు. అన్నిటికంటే పెద్దది అస్తరయెల్ మోగితే విన్నవాళ్లతోపాటు మోగించినవాళ్లూ పోతారు. ఇలా లెక్క కచ్చితంగా ఉన్నందుకే ప్రతి పోరాటంలోనూ భయం నిజంగా పుడుతుంది. ‘సాబ్రియెల్’ ఒక్కటే చదివి ఆపొచ్చు. ‘లిరయెల్’ (2001), ‘అభార్సెన్’ (2003) మాత్రం రెండు పుస్తకాలుగా చీల్చిన ఒకే కథ, ఒకటి తీసుకుని ఊరుకుంటే సగంలో నిలబడిపోతారు.

ఉర్సులా లె గ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ (1968) పట్టికలో తప్పనిసరిగా ఉండాలి. ఏ వస్తువుకైనా అసలు పేరు తెలిస్తేనే దానిమీద అధికారం అన్న ఊహను ఇంత అందంగా నడిపింది ఇంకోటి లేదు. రెండోది ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’ (1971)లో మొదటిదాని కథానాయకుడు గెడ్ కోసం వెతక్కండి, కథ టెనార్ అనే అమ్మాయిది, అతను చాలా పేజీల తరవాతే వస్తాడు. మూడోది 1972లో, నాలుగోది ‘టెహాను’ 1990లో. ఆ 18 ఏళ్ల ఎడం చదువుతుంటే తెలిసిపోతుంది. నాలుగోది పెద్దవాళ్ల పుస్తకం, 13 ఏళ్లవాళ్లకు ఇప్పుడే వద్దు.

మలుపులంటే ఇష్టమున్నవాళ్లుంటే మేగన్ వేలన్ టర్నర్ ‘ది థీఫ్’ (1996). సగం పుస్తకం ప్రయాణమే, నెమ్మది. చివర చేరాక వెనక్కి తిరగేస్తే ప్రతి సూచనా కళ్లముందే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: తరవాతి భాగాల వెనక అట్ట చదవనివ్వొద్దు, మొదటిదాని గుట్టు అక్కడే ఉంటుంది.

మూడోసంపుటి:
హింస ఎక్కువైతే కష్టమన్న ఆ ఇద్దరి గురించి. షుస్టర్‌మన్‌దే ‘అన్‌వైండ్’ (2007) చాలా జాబితాల్లో హంగర్ గేమ్స్ పక్కనే ఉంటుంది. 13 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లల్ని తల్లిదండ్రులు అవయవాల కోసం అప్పగించొచ్చన్న చట్టం అందులో ఉంది. చివరి భాగంలో ఒక అధ్యాయం స్పృహలో ఉన్న పిల్లవాడి వైపు నుంచే నడుస్తుంది. నెత్తుటి వర్ణన దాదాపు లేదు, అయినా ఈ కోవ పుస్తకాల్లో అంతకంటే కలవరపెట్టేది అరుదు. నెత్తురు ఎంతుందని చూసి వయసు నిర్ణయిస్తే ఇలాంటిచోటే పొరపడతాం. నెస్ పుస్తకంలో జంతువుకు హాని జరుగుతుంది, అది తట్టుకోలేనివాళ్లకు ముందే చెప్పండి. ‘ది గివర్’లో కూడా ఒకే ఒక్క ఘట్టం గట్టిగా తగులుతుంది, కానీ పదేళ్లు దాటినవాళ్లతో మాట్లాడదగ్గదే.

అట్టలు చూసి మోసపోవద్దు. సారా జె. మాస్ ‘ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్’ 2015లో టీనేజ్ పుస్తకంగా వచ్చింది, 2020లో కొత్త అట్టలతో పెద్దవాళ్ల విభాగంలోకి మార్చారు. పాత ప్రతులు ఇంకా టీనేజ్ అరల్లో కనబడతాయి. ఆర్. ఎఫ్. కువాంగ్ ‘ది పాపీ వార్’ బడితో మొదలవుతుంది కాబట్టి పిల్లలదనుకుంటారు, కాదు. యుద్ధ హింస చాలా తీవ్రం.

ఇంకోటి, ఫిలిప్ పుల్‌మన్ ‘నార్తర్న్ లైట్స్’ (1995), ‘ది గోల్డెన్ కంపాస్’ ఒకే నవల. అమెరికాలో పేరు మార్చారు. రెండు భాగాలనుకుని రెండూ కొనేయకండి.

హంగర్ గేమ్స్ వెనకటి కథలు అడుగుతారు కూడా. ‘ది బాలడ్ ఆఫ్ సాంగ్‌బర్డ్స్ అండ్ స్నేక్స్’ (2020) పదో ఆటల కథ, మూడు భాగాల్లోనూ దేశాధ్యక్షుడైన స్నో కుర్రతనం. ‘సన్‌రైజ్ ఆన్ ది రీపింగ్’ (2025) యాభయ్యో ఆటలు, కాట్నిస్‌కు తర్ఫీదిచ్చిన హేమిచ్ చెబుతాడు. కాలక్రమంలో కాదు, వచ్చిన వరసలోనే చదవాలి. చివరిది అంతకుముందు వాటన్నిటి మీదా ఆనుకుని ఉంది. ‘బాలడ్’ ప్రథమ పురుషలో (‘నేను’ అని కాదు, ‘అతను’ అంటూ), నెమ్మదిగా సాగుతుంది. కాట్నిస్ గొంతు ఆశించినవాళ్లు వందో పేజీలో నిరాశపడతారు, ముందే చెబితే పడరు.

పుస్తకాలపురుగు:
అందరికీ ధన్యవాదాలు. ముగ్గురూ డైవర్జెంట్ వదిలేసింది మూడో భాగంలోనే, ఇప్పుడే అడిగితే తేలింది. రెండు సందేహాలు. ‘సైద్’ ఒక్కటే చదివి ఆపొచ్చా? ‘ఎర్త్‌సీ’ నమూనా పేజీలు చూస్తే సంభాషణలు తక్కువ, పాత కథలా ఉంది, ఎలా మొదలుపెట్టించాలి?

అట్టవెనక:
ఆపొచ్చు. ‘సైద్’ ముగింపు ముగింపులాగే ఉంటుంది. ‘థండర్‌హెడ్’ (2018) తెరిస్తే మాత్రం ‘ది టోల్’ (2019) దాకా వెళ్లాల్సిందే, రెండోది అంత ఘోరమైన చోట ఆగుతుంది. మూడోది చాలా లావు, కాలం ముందుకూ వెనక్కూ దూకుతుంది. అధ్యాయాల పక్కన ఏ సంవత్సరమో పెన్సిల్‌తో రాసుకుంటే తేలిక.

వెన్నెలపుట:
‘ఎర్త్‌సీ’ని పంచిపెట్టకండి, మొదటి అధ్యాయం బృందంలో ఒకరు పైకి చదవండి. మొత్తం పదే అధ్యాయాలు, మొదటిది తనంతట తానే ఒక చిన్న కథ. మేకలు కాసే కుర్రాడు, ఊరి మీదికి దాడి, వాడు పొగమంచు అల్లి ఊరిని కాపాడటం, ఆఖరున ఏరు దాటి తన అసలు పేరు అందుకోవడం. ఆ వాక్యాలు చెవి కోసం రాసినవి, కంటితో గబగబా లాగితే బరువుగా అనిపిస్తాయి. పుస్తకం మొదట్లో ద్వీపాల పటం ఉంటుంది, దాన్ని పెద్దది చేసి మధ్యలో పెట్టండి. గెడ్ వెళ్లిన ప్రతి ద్వీపానికీ చుక్క పెట్టుకుంటూ పోతే ఐదో అధ్యాయం తరవాత ఎవరూ దారి తప్పరు.