విశాఖ నుంచి ట్రాక్‌కి: రేసింగ్ హెల్మెట్‌కు అంత డబ్బు పెట్టవచ్చా? వాడినవాళ్లు చెప్పండి

భీమిలి_రోడ్డు:
అందరికీ నమస్కారం. నాది టీవీఎస్ అపాచీ ఆర్ఆర్310 బైకు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ సర్క్యూట్‌లో వచ్చే నెల ట్రాక్ డేకి (సొంత బండిని రేసు ట్రాక్ మీద తోలనిచ్చే రోజు) పేరిచ్చాను. ఇప్పుడున్నది పది వేల లోపు ఫుల్ ఫేస్ హెల్మెట్. ఐఎస్ఐ, ఈసీఈ (యూరప్ ప్రమాణం) ముద్రలు రెండూ ఉన్నాయి, డబుల్ డి-రింగ్ పట్టీ (రెండు లోహపు రింగుల్లోంచి దూర్చి బిగించేది) ఉంది. నిర్వాహకులు చాలునన్నారు. కానీ అక్కడికి వెళ్లొచ్చిన ప్రతివాడూ రేసింగ్ హెల్మెట్ వేసుకుంటేనే తేడా తెలుస్తుందంటున్నాడు. ఆ తేడా ఏమిటో మాత్రం ఒక్కరూ విడమరిచి చెప్పడం లేదు. ద్వారకానగర్‌లో అడిగితే "తల కొలత చెప్పండి, తెప్పిస్తాం" అన్నారు. తలకు పెట్టి చూడకుండా లక్ష రూపాయల దాకా ఎలా పెట్టడం? ట్రాక్ మీద స్వయంగా వాడినవాళ్లు చెప్పండి. రంగులు, బొమ్మల సంగతి వద్దు.

గాజువాక_గేరు:
తమ్ముడూ, నువ్వు అడిగిన పరీక్ష నేను చేశాను. అదే సర్క్యూట్, ఒకే రోజు, ఒకే బండి. పొద్దున నా రోజువారీ హెల్మెట్, తర్వాత మిత్రుడి అరాయ్ ఆర్ఎక్స్-7ఎక్స్, మధ్యాహ్నం ఇంకొకరి ఏజీవీ పిస్టా. ముగ్గురిదీ ఒకే సైజు తల కావడం కలిసొచ్చింది.

పిట్ లేన్‌లో ఏ తేడా లేదు. నిజం చెప్పాలంటే అరాయ్ నా పాతదానికన్నా కాస్త బరువుగానే అనిపించింది. అసలు సంగతి స్ట్రెయిట్ మీద మొదలవుతుంది. ఛాతీ ట్యాంకుకు ఆనించి, గడ్డం కిందికి దించి పడుకున్నప్పుడు మామూలు హెల్మెట్ పై అంచు సరిగ్గా కనుబొమల ముందుకొచ్చి తెరలా అడ్డం పడుతుంది. ముందు పది గజాల తారు తప్ప ఏమీ కనపడదు. బ్రేక్ ఎక్కడ వేయాలో గుర్తు చేసే బోర్డు చూడాలంటే మెడ వెనక్కి విరవాలి. అలా నాలుగైదు ల్యాపులు తిరిగేసరికి మెడ నరాలు బిగుసుకుపోతాయి. రేసింగ్ హెల్మెట్‌లో ముందు తెరుపు నుదుటి మీదికి బాగా పైకి ఉంటుంది. కళ్లు మాత్రం పైకెత్తితే చాలు, బోర్డు కనపడుతుంది. షోయి ఎక్స్-ఫోర్టీన్‌లోనైతే లోపలి ప్యాడ్లనే నాలుగు డిగ్రీలు తిప్పి బిగించుకునే ఏర్పాటు ఉంది, అదీ ఈ వంగి పడుకునే భంగిమ కోసమే.

రెండోది, స్ట్రెయిట్ చివర బ్రేక్ వేయడానికి లేచే క్షణం. అప్పటిదాకా విండ్‌స్క్రీన్ చాటున ఉన్న తల ఒక్కసారిగా గాలిలోకి వస్తుంది. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగు రెట్లవుతుంది. 75లో తల మీద పడేదానికి 150లో నాలుగింతలు పడుతుంది. నా పాత హెల్మెట్ ఆ క్షణంలో పైకి లేచిపోయి పట్టీ గొంతు కింద కోసుకునేది. ఒక చేతి వేళ్లు బ్రేక్ మీద, కాలు గేరు మీద, మనసేమో గొంతు దగ్గర! అరాయ్ పెట్టుకున్నప్పుడు తల తనంతట తానే లేచింది, నేను పట్టించుకోవలసిన అవసరమే రాలేదు. మలుపులో లోపలివైపు చూడటానికి తల తిప్పినప్పుడు కూడా అంతే, పక్క గాలి వైజర్ అంచును పట్టి లాగలేదు.

పిస్టా ఇంకా కుదురుగా ఉంది, అయితే ఒక షరతు. దాని వెనక రెక్క లెదర్ సూటు వీపు మీది మూపుతో కలిసి పని చేస్తుంది. మూపు లేని అద్దె సూటు వేసుకున్నప్పుడు ఆ రెండింటి మధ్య ఖాళీలో గాలి సుడి తిరిగి తలను చిన్నగా ఊపుతూనే ఉంది. కాబట్టి హెల్మెట్ ఒక్కటే కొని తేడా రాలేదనకు.

ఇంకో మాట. బీచ్ రోడ్డు మీదనో, ఆనందపురం వైపు హైవే మీదనో తోలి దీన్ని తేల్చుకుందామనుకోకు. ఊరి వేగాల్లో అన్నీ ఒకటే. తేడా తెలిసే వేగం అక్కడ వద్దు.

అసీల్‌మెట్ట_ఖాతా:
అన్నా, వర్ణన బాగుంది, ఖర్చు మాట కూడా చెప్పాలి కదా. ట్రాక్ రుసుము, సూటు అద్దె, వెళ్లే ముందు కొత్త టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, ఎనిమిది వందల కిలోమీటర్ల దూరం బండి తీసుకెళ్లడం. మొదటిసారి వెళ్లేవాడు స్ట్రెయిట్ మీద సగం దూరంలోనే భయపడి బ్రేక్ పట్టుకుంటాడు. అతనికి కనుబొమల పైన ఏం కనపడితే ఏమి? ఆ లక్షతో మంచి శిక్షణ శిబిరానికి రెండు మూడు సార్లు వెళ్లవచ్చు, కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ అనే రైడింగ్ శిక్షణ సంస్థ వాళ్లు కూడా అదే సర్క్యూట్‌లో నేర్పుతుంటారు. మెడ పడుతుందంటే వ్యాయామం చేయించండి. ఊరికే వస్తుంది.

గాజువాక_గేరు:
ఖాతా గారూ, మొదటిసారికి లక్ష అవసరమని నేనెక్కడా అనలేదు. అడిగింది తేడా ఏమిటని, అది చెప్పాను. మెడ వ్యాయామంతో హెల్మెట్ అంచు పైకి జరగదు.

ముద్రలు_చదివేవాడు:
రక్షణ గురించి ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. ధర ఎక్కువైతే రక్షణ అంతకంత ఎక్కువని ఎవరూ నమ్మకండి. బ్రిటన్ ప్రభుత్వం 2007 నుంచి షార్ప్ పేరుతో హెల్మెట్లు కొని, పగలగొట్టి, నక్షత్రాలు ఇస్తోంది. అందులో చౌకవాటికి ఐదు వచ్చిన సందర్భాలున్నాయి, ఖరీదైనవి మూడు దగ్గర ఆగిపోయినవీ ఉన్నాయి.

కొనేటప్పుడు చూడవలసింది ఈసీఈ ముద్ర కింది అంకె. పాత 22.05లో దెబ్బ పరీక్ష సెకనుకు 7.5 మీటర్ల వేగంతో. 22.06లో దానికి తోడు 6 మీటర్ల నెమ్మది దెబ్బ, 8.2 మీటర్ల గట్టి దెబ్బ చేర్చారు. నెమ్మది దెబ్బ ఎందుకంటే, పెద్ద దెబ్బను తట్టుకోవాలని హెల్మెట్ లోపలి థర్మోకోల్ పొరను మరీ గట్టిగా చేస్తే చిన్న దెబ్బకు అది నలగదు, ఆ కుదుపంతా మెదడుకే వెళుతుంది. వీటన్నింటికన్నా ముఖ్యం 45 డిగ్రీల వాలు మీద ఏటవాలుగా పడేసే పరీక్ష. ట్రాక్ మీద పడేవాడు నిట్టనిలువుగా పడడు, జారుతూ పడతాడు. అప్పుడు తల గిర్రున తిరుగుతుంది, మెదడుకు గాయం చేసేది ఎక్కువగా ఆ తిరుగుడే.

గ్రాండ్ ప్రి రేసులకు ఎఫ్ఐఎం (అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య) 2019లో ఇంతకన్నా కఠినమైన తన సొంత ఆమోదం తెచ్చింది. ఆ హెల్మెట్ల పట్టీకి క్యూఆర్ కోడ్ ఉన్న గుర్తు కుట్టి ఉంటుంది. నేను వెళ్లిన ట్రాక్ డేలలో దాన్ని ఎవరూ అడగలేదు. అమెరికా వాళ్ల డాట్ గుర్తుకు మాత్రం పెద్ద విలువ ఇవ్వకండి, అది తయారీదారు తనకు తాను ఇచ్చుకునేది.

ఇక రోడ్డు సంగతి. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ద్విచక్ర వాహనాల హెల్మెట్లకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. విదేశం నుంచి బంధువులతో తెప్పించుకున్న రేసింగ్ హెల్మెట్‌కు అది ఉండకపోవచ్చు. సిరిపురం కూడలిలో ఆపిన కానిస్టేబుల్‌కు ఎఫ్ఐఎం గురించి ఉపన్యాసం ఇచ్చి లాభం లేదు. దాన్ని ట్రాక్‌కే ఉంచుకోండి.

ఎంవీపీ_మహిళా_రైడర్:
అన్నలందరూ గాలి గురించి, ముద్రల గురించి చెప్పారు. తల ఆకారం గురించి ఒక్కరైనా చెప్తారని చూశాను. మోటోజీపీ రేసర్లలో మార్క్ మార్కెజ్ షోయి వేసుకుంటాడు, రోసీ ఏజీవీ వేసుకున్నాడు, సరే. వాళ్ల తలలు వాళ్లవి. పై నుంచి చూస్తే కొందరి తల గుండ్రం, కొందరిది కోల. కోల తలకు గుండ్రటి హెల్మెట్ పెడితే నుదురు నొక్కుకుపోయి చెవుల దగ్గర ఖాళీగా ఊగుతుంది. ఎంత ఖరీదు పెట్టినా ఇది మారదు.

నా పద్ధతి చెబుతాను. కనుబొమల పైనుంచి టేపుతో చుట్టుకొలత తీసుకోండి. హెల్మెట్ పెట్టుకుని దుకాణంలోనే అరగంట కూర్చోండి, వాళ్లు విసుక్కున్నా సరే. తీశాక అద్దంలో నుదురు చూసుకోండి. ఒకచోట ఎర్రటి మచ్చ పడితే అది మీ హెల్మెట్ కాదు. చెంపలు మాత్రం గట్టిగా పట్టాలి, నమిలితే లోపలి బుగ్గ పళ్ల కింద పడేంత. అవి కొన్నాళ్లకు కాస్త సర్దుకుంటాయి. చివరగా పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకు దొర్లించమని పక్కవాళ్లకు చెప్పండి. ఊడి వస్తే వదిలేయండి.

నాకు తేడా తెలిసింది షెల్ (బయటి గట్టి బుర్ర) సైజులో. చౌక హెల్మెట్లు ఒకటి రెండు షెల్ సైజులే చేసి, చిన్న తలలకు లోపల దళసరి మెత్త పెట్టి సరిపెడతాయి. బయటి బుర్ర మాత్రం అదే పెద్ద బుర్ర. గాలి పట్టేది బయటి సైజునే కదా. ఖరీదైనవాటిలో మూడు నాలుగు సైజుల షెల్‌లు చేస్తారు కాబట్టి నాలాంటి చిన్న తలకు నిజంగానే చిన్న హెల్మెట్ దొరికింది. జడ మెడ దగ్గర కిందికి వేసుకోవాలి, పైకి ముడి పెడితే హెల్మెట్ పూర్తిగా దిగదు. కళ్లజోడు ఉన్నవాళ్లు చెవుల పైన గాడి ఉందో లేదో వేలు పెట్టి తడిమి చూడండి. రేసింగ్ రకాల్లో కొన్నింటికి ఆ గాడి ఉండదు, జోడు కాడలు కణతల్లో గుచ్చుకుంటాయి.

భీమిలి_రోడ్డు:
అక్కా, నాకూ కళ్లజోడు ఉంది. ఇది తెలియకపోతే తెప్పించేసి ఉండేవాణ్ణి. ధన్యవాదాలు.

అత్యవసర_విభాగం:
నేను వైద్యుణ్ణి, ప్రమాద కేసులు రోజూ చూస్తాను. గాలి గురించి నాకు అంతగా తెలియదు. నేను డబ్బు పెట్టమనే అంశం ఒకటే: చెంప ప్యాడ్లను బయటినుంచి లాగేసే ఏర్పాటు. గడ్డం కింద రెండు వైపులా చిన్న ఎర్ర పట్టీలుంటాయి. ఒకరు మెడను కింద నుంచి రెండు చేతులతో కదలకుండా పట్టుకుంటే, మరొకరు ఆ పట్టీలు లాగుతారు. ప్యాడ్లు కిందికి జారి వచ్చేస్తాయి. తర్వాత హెల్మెట్ వదులుగా లేచి వస్తుంది, మెడ ఎముక అంతగా కదలదు. ఇవి లేనిదాన్ని స్పృహ లేని మనిషి తల నుంచి తీయడం ఎంత కష్టమో తీసినవాళ్లకే తెలుస్తుంది.

ట్రాక్ మీద ఎవరైనా పడితే మార్షల్స్ వచ్చేదాకా హెల్మెట్ ముట్టుకోకండి. పడి లేచి "నాకేం కాలేదు" అన్నవాడిని కూడా ఆ రోజుకు బండి ఎక్కనివ్వకండి. హెల్మెట్ మీద గీత కనపడకపోయినా లోపలి థర్మోకోల్ నలిగిపోయి ఉండవచ్చు, రెండో దెబ్బను అది ఆపలేదు.

అసీల్‌మెట్ట_ఖాతా:
డాక్టరు గారి మాట ఒప్పుకుంటాను. కానీ ఆ ఎర్ర పట్టీలు ఇప్పుడు లక్ష కన్నా చాలా తక్కువ ధర హెల్మెట్లలోనూ వస్తున్నాయి. నా వాదన నాదే!

పాత_పోస్టాఫీసు:
మన ఊరి గాలి సంగతి ఎవరూ మాట్లాడలేదు. మాది పోర్టు పక్క. ఒకవైపు ఉప్పు గాలి, ఇంకోవైపు సన్నటి నల్ల ధూళి. వైజర్ బిగించే చోట ఇనుప మరలుంటే తుప్పు పట్టడం ఖాయం. లోపలి గుడ్డ తడిగా ఉండగానే బీరువాలో పెడితే వానాకాలంలో బూజు పడుతుంది. ప్యాడ్లు ఊడదీసి, గోరువెచ్చటి నీళ్లలో పసిపిల్లల షాంపూతో ఉతికి నీడలో ఆరబెట్టాలి. వైజర్ మీది ధూళిని పొడి గుడ్డతో తుడిచారంటే గీతలే. ముందు తడి గుడ్డ కాసేపు కప్పి ఉంచండి, ధూళి నాని వదులుతుంది. పెట్రోలు మాత్రం దరిదాపులకు రానీయకండి, అది థర్మోకోల్‌ను తినేస్తుంది. బండి అద్దానికి తగిలించే అలవాటు కూడా మానాలి, అద్దం కొన థర్మోకోల్‌లో గుంట చేస్తుంది.

రేసింగ్ హెల్మెట్ ఊళ్లో వాడదామనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. దాని గాలి రంధ్రాలు వేగంలో పని చేసేలా చేసినవి. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర మే నెలలో అది ఆవిరి కుడుముల కుండే. చప్పుడు కూడా ఎక్కువ. వంద దాటాక చాలా హెల్మెట్లలో 90 డెసిబెల్స్ మించుతుంది, చెవి ప్లగ్గులు లేకుండా ట్రాక్‌లోకి దిగకండి.

గాజువాక_గేరు:
వేడి మాటకు తోడు ఒకటి. 2023 సెప్టెంబరులో ఢిల్లీ దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లో మోటోజీపీ జరిగినప్పుడు ఎండకు భయపడి రేసును 24 ల్యాపుల నుంచి 21కి తగ్గించారు. అయినా రెండో స్థానంలో వచ్చిన హోర్హె మార్టిన్ రేసయ్యాక నీరసించి కుప్పకూలాడు. ప్రపంచంలోకెల్లా మంచి హెల్మెట్లు వేసుకున్నవాళ్ల పరిస్థితి అది. చెన్నై ఎండ కూడా తక్కువేమీ కాదు. ప్రతి విడతకూ మధ్య హెల్మెట్ తీసి నీడలో బోర్లించండి, ఉప్పు కలిపిన మజ్జిగ తాగండి.

ముద్రలు_చదివేవాడు:
ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర (పేరు వద్దు) సగం ధరకు వస్తోందని మిత్రుడు రేసింగ్ హెల్మెట్ తెప్పించాడు. పట్టీ మీద కుట్టవలసిన ఈసీఈ చీటీ వెనక షెల్‌కు అంటించి ఉంది, గోటితో గీకితే ఊడొచ్చింది.  వాపసు తీసుకోలేదు. సగం ధర చూసి తొందరపడకండి.

భీమిలి_రోడ్డు:
అందరికీ కృతజ్ఞతలు. ఈసారికి నా హెల్మెట్‌తోనే వెళతాను, అది 22.06 అని ఇప్పుడే చీటీ చూసి నిర్ధారించుకున్నాను. ఆ డబ్బులో కొంత మూపు ఉన్న సూటుకి పెడతాను. ట్రాక్ దగ్గర ఎవరైనా ఇస్తే రేసింగ్ హెల్మెట్‌తో రెండు ల్యాపులు తిరిగి చూసి, తర్వాత ఆలోచిస్తాను. బండి రైలు పార్సిల్‌లో వేస్తున్నాను. ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా?

గాజువాక_గేరు:
ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, లేకపోతే బుక్ చేయరు. ఆర్‌సీ నకలు, గుర్తింపు కార్డు నకలు పట్టుకెళ్లు. గోనె సంచుల ప్యాకింగ్ స్టేషన్ దగ్గరే చేస్తారు, హ్యాండిల్, లివర్లకు దళసరిగా చుట్టమని దగ్గరుండి చేయించు. హెల్మెట్ మాత్రం పార్సిల్‌లో వేయకు, నీతోపాటు బెర్తు మీద పెట్టుకో.

ఎంవీపీ_మహిళా_రైడర్:
మా ఇంట్లో మూడు కంపెనీల హెల్మెట్లున్నాయి, మా అన్నయ్యవి ఎల్ సైజు. ఈ ఆదివారం ఉదయం ఎంవీపీ కాలనీ రైతు బజారు వైపు వస్తే తలకు పెట్టి చూసుకోవచ్చు. కళ్లజోడుతో రండి.