సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారుకు బయటి కంపెనీ వారంటీ: ఇంజిన్ అరిగితే డబ్బులిస్తారా?

రుషికొండ వి8:
హైదరాబాద్‌లో 2017 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ ఒకటి చూశాను, 5.0 లీటర్ల వి8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్). ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021లోనే చెప్పేసింది కదా, స్పేర్ల టెన్షన్ ఉంది. డీలరేమో వేరే కంపెనీ వారంటీ తీసుకోమంటున్నాడు, "ఇంజిన్ మొత్తం కవర్" అంటున్నాడు. లోపల అరుగుదల బయటపడితే నిజంగా డబ్బులిస్తారా?

ఎంవీపీ కాలనీ:
తీసుకో బ్రదర్. ఆ ఇంజిన్‌కి ఏమైనా అయితే బిల్లు లక్షల్లో వస్తుంది. దాని ముందు వారంటీ ఖర్చు ఎంతని?

గాజువాక ఆటోనగర్:
తొందరపడకండి. ముందు కాగితం చదవండి. మొదటి పేజీలో "అకస్మాత్తుగా జరిగిన మెకానికల్ బ్రేక్‌డౌన్" అని ఉంటుంది. మినహాయింపుల పేజీకి వెళ్తే మామూలు అరుగుదల, కొనేనాటికే ఉన్న లోపం, సర్వీసు ఎగ్గొట్టడం, ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం), ట్రాక్ మీద నడపడం అన్నీ వరసగా కనిపిస్తాయి. పిస్టన్ రింగులు అరిగి బండి ఆయిల్ తాగుతోందనుకోండి. ఏదీ విరగలేదు, బండి నడుస్తూనే ఉంది. చాలా కంపెనీల లెక్కలో అది బ్రేక్‌డౌనే కాదు.

అసలు దెబ్బ ఇంజిన్ విప్పేటప్పుడు తగులుతుంది. వాళ్ల అనుమతి లేకుండా విప్పితే క్లెయిమ్ పోతుంది. అనుమతి తీసుకుని విప్పాక అరుగుదలే అని తేలితే, విప్పిన కూలీ సాధారణంగా మన నెత్తినే పడుతుంది. అప్పటికి సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ఊడి, సిలిండర్ హెడ్‌లు దిగి, పిస్టన్లు బల్ల మీద ఉంటాయి. బాగుచేయించకపోయినా మళ్లీ బిగించడానికి డబ్బు కట్టాల్సిందే.

కైలాసగిరి ఘాట్:
అన్నా, ఇక్కడ ఒప్పుకోను. 2007-2013 మధ్య వచ్చిన బీఎండబ్ల్యూ ఎం3 వి8లో కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కడ్డీ) బేరింగుల సంగతి అందరికీ తెలిసిందే. బేరింగ్ చప్పుడు లేకుండా అరుగుతుంది. ఒక రోజు హై ఆర్‌పీఎంలో పట్టేసి రాడ్ విరిగితే బ్లాక్‌కే చిల్లు పడుతుంది. పొద్దున బాగున్న బండి సాయంత్రానికి ఆగిపోతే అది అకస్మాత్తు కాదా? ఇంజిన్‌లో ఏ ముక్క పోయినా వెనక కొంత అరుగుదల ఉంటుంది. దాని పేరు చెప్పి అన్నీ తోసేస్తే వారంటీ అమ్మడం ఎందుకు?

గాజువాక ఆటోనగర్:
న్యాయమైన మాట. అందుకే కాగితంలో రెండు ముక్కలు వెతకమంటాను. అరిగిన భాగానికే మినహాయింపు ఉందా, "అరుగుదల వల్ల కలిగే నష్టానికి" కూడా ఉందా? మొదటిదైతే బేరింగ్ ఖర్చు మీది, పగిలిన బ్లాక్ కోసం కొట్లాడొచ్చు. రెండోదైతే కష్టం. కొన్ని ప్లాన్లు అరుగుదలకు విడిగా కవర్ అమ్ముతాయి, కానీ వయసుకీ కిలోమీటర్లకీ హద్దు పెడతాయి.

క్లెయిమ్ కొట్టేస్తే ఫోన్లో చెప్పిన మాటతో ఊరుకోవద్దు. ఏ భాగం, ఏ షరతు, ఏ ఫొటో చూసి అరుగుదల అన్నారో రాసివ్వమనండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు. కంపెనీ ముంబైలో ఉన్నా వైజాగ్ జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. గడువు రెండేళ్లు. కిలోమీటర్లు, ఆయిల్ గ్రేడ్ రాసి ఉన్న సర్వీసు బిల్లులే అక్కడ మీకు బలం.

ఆ బండికి మాత్రం ముందు కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తోందో), లీక్‌డౌన్ (లోపలికి పంపిన గాలి ఎంత లీకవుతోందో) టెస్టులు చేయించండి. స్పార్క్ ప్లగ్‌లు తీసి బోర్‌స్కోప్‌తో (లోపలికి దూర్చే సన్నటి కెమెరా) సిలిండర్ గోడలు చూడండి, నిలువు గీతలుంటే వదిలేయండి. రాత్రంతా ఆగిన బండిని మీ ఎదుటే స్టార్ట్ చేయించండి. వేడెక్కించి ఉంచితే టకటక చప్పుడు దొరక్కపోవచ్చు. వారంటీకి పెట్టే డబ్బులో ముందు వీటికి తీయండి.

రుషికొండ వి8:
మినహాయింపుల పేజీ పంపమన్నాను. డబ్బు కట్టాకే బుక్‌లెట్ ఇస్తారట. అలాగైతే వారంటీ వద్దు, టెస్టులు చేయిస్తాను. హైదరాబాద్‌లో లీక్‌డౌన్ బాగా చేసే గ్యారేజ్ తెలిస్తే చెప్పండి గురూ.